పిలకాయల చదువు సరే, అయ్యోర్ల చదువు సంగతేంది?

పోయిన జూన్‌లో, బడి తెరిచిన రెండో వారం. నాలుగో తరగతి పిల్లోణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం చేతికిచ్చా. అందులో ఉండేది నాలుగే వాక్యాలు. ఒకటో తరగతి పిలకాయలు చదవాల్సిన పేరా అది. వాడు కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు, మొదటి అక్షరం మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

అదే పిల్లోడు ముందు రోజు వాచకంలో పాఠం ఎక్కడా తడబడకుండా అప్పజెప్పాడు. వాళ్ళ నాయన రొయ్యల గుంటల కాడ కాపలా ఉంటాడు. యాభై కౌంటు అంటే ఏందిరా అని అడిగితే, కేజీకి యాభై రొయ్యలని టక్కున చెప్తాడు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు జాస్తి అని కూడా చెప్తాడు. తెలివి లేనోడు కాదు. పైగా రెండేళ్ళుగా నా దగ్గరే చదువుకుంటా ఉండాడు. వాడికి చదవడం రాదన్న సంగతి ఈ రెండేళ్ళూ నాకు తెలీలేదు!

నేను నెల్లూరు సముద్రపొడ్డున ఒక చిన్న ప్రాథమిక బడిలో సెకండరీ గ్రేడ్ టీచర్ని. బడి పేరు, పిలకాయల పేర్లు ఇక్కడ రాయను. మీ పాలెంలో, మీ కాలనీలో కూడా ఇట్టాంటి పిల్లోడు ఉండొచ్చు. మీ తమ్ముడో, మేనల్లుడో అయ్యుండొచ్చు. వాడికి చదువు రావాలంటే ముందు మేం ఏం నేర్చుకోవాల్సి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తా ఉండా.

కనపడే మార్పులు

ఈ నాలుగేళ్ళలో మన బడుల్లో చాలానే జరిగాయి. 2022లో 117 జీవో వచ్చింది. కిలోమీటరు లోపల హైస్కూలు ఉన్న కాడ 3, 4, 5 తరగతుల పిలకాయల్ని అక్కడికి కలిపారు. మా ఊరికి దగ్గర్లో హైస్కూలు లేదు కాబట్టి మా బడి కదల్లేదు. పక్క పాలెం బడిలో మాత్రం ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. 2025లో ఆ జీవో రద్దయింది. పిలకాయలు ఎక్కువున్న కాడ తరగతికో టీచర్ ఉండేట్టు మోడల్ ప్రైమరీ స్కూళ్ళు వచ్చాయి. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, 2025 సెప్టెంబర్‌లో నియామక పత్రాలు పంచారు. అట్టా మా బడికీ ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. అప్పటిదాకా ఐదు తరగతులకు మేం ఇద్దరమే.

2024 డిసెంబర్ 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అక్టోబర్‌లో మొంథా తుపాను, డిసెంబర్ మొదట్లో దిత్వా వానలు. వాటికి బడి మూతపడింది.

ఇవన్నీ కంటికి కనపడేవి. కొత్త గది కడితే ఫోటో తీయొచ్చు, మీటింగ్ జరిగితే స్టేటస్ పెట్టుకోవచ్చు. టీచర్ తన పద్ధతి మార్చుకుంటే దానికి ఫోటో లేదు. అందుకే ఊళ్ళో దాని గురించి ఎవరూ మాట్లాడరు, మమ్మల్ని ఎవరూ అడగరు కూడా.

అయ్యోర్లు ఎక్కడ చదువుకుంటారు?

2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు తన పని గురించి కొత్తగా నేర్చుకోవాలి. ఆ గంటలు మూడు రకాలుగా పూర్తవుతాయి. ఒకటి ఫోన్లో ఆన్‌లైన్ కోర్సు. రెండోది ఊరొదిలి వెళ్ళి కొన్ని రోజులు కూర్చునే శిక్షణ. మూడోది చుట్టుపక్కల బడుల టీచర్లందరం నెలకో శనివారం ఒక కాడ చేరే క్లస్టర్ సమావేశం.

నిజం చెప్పాలంటే మొదటిదాన్ని నేను చాలా కాలం సరిగ్గా వాడుకోలేదు. వీడియో ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టి కూర తరుక్కునేదాన్ని. చివర్లో ప్రశ్నలకు జవాబులు గ్రూపులో వస్తాయి. నొక్కితే సర్టిఫికెట్ వస్తుంది. నా దగ్గర సర్టిఫికెట్లు ఒక ఫైలు నిండా ఉండాయి. ఆ నాలుగో తరగతి పిల్లోడు మాత్రం పేరా ముందు ఆగిపోయాడు.

ఈ కథ మన ఒక్క బడిది కాదు. అసర్ అనే సర్వే 2005 నుంచి దేశంలో పల్లెటూళ్ళకు పొయ్యి, ఇంటి కాడే పిలకాయల చేత చదివించి చూస్తా ఉంది. 2024లో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిలకాయల్లో రెండో తరగతి కథ చదవగలిగింది 23.4 శాతం. అంటే నలుగురిలో ఒకరు కూడా లేరు. 2022లో అయితే 16.3 శాతమే. వ్యాను ఎక్కి ప్రైవేటు బడికి పోతే ఈ గొడవ ఉండదనుకుంటారేమో, అక్కడ కూడా మూడో తరగతిలో సగం మందికి పైగా ఆ కథ చదవలేకపోయారు.

తరగతిని పక్కనబెట్టి, స్థాయిని చూడటం

మేం కొత్తగా నేర్చుకున్న దాంట్లో అసలు విషయం ఇది. పిల్లోడు ఏ తరగతిలో ఉన్నాడన్నది కాకుండా, ఏం చదవగలడన్నది చూసి అక్కడ్నుంచి మొదలుపెట్టడం.

పని ఎట్టా జరుగుద్దంటే, ముందు ఒక్కొక్కణ్ణీ విడిగా కూర్చోబెట్టి చదివిస్తాం. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ - ఇవి మెట్లు. ఏ మెట్టు కాడ ఆగితే అదే వాడి స్థాయి. తర్వాత 3, 4, 5 తరగతుల వాళ్ళందర్నీ కలిపేసి స్థాయిని బట్టి గుంపులు చేస్తాం. రోజుకో గంట ఆ గుంపుల్లోనే పని. అక్షరాల గుంపుకి గుణింతాల చార్టు, నేల మీద రాసిన పదాల మీద గెంతే ఆట. పేరా గుంపుకి కథ వినడం, సొంత మాటల్లో చెప్పడం, దాన్నే రాయడం. కొన్ని వారాలకు మళ్ళీ చదివించి చూస్తాం. మెట్టెక్కినోడు పై గుంపుకి పోతాడు. మిగతా సమయంలో మామూలు పాఠాలు.

ఈ పద్ధతిని దేశంలో ముందుకు తెచ్చింది ప్రథమ్ అనే సంస్థ. దీని మీద ఏళ్ళ తరబడి పరీక్షలు చేసిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలకు మైకేల్ క్రేమర్‌తో కలిపి 2019లో ఆర్థికశాస్త్రం నోబెల్ వచ్చింది. వాళ్ళు చూసిన దాంట్లో మాకు పనికొచ్చే ముక్క ఒకటుంది. బీహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు శిక్షణ ఇచ్చి, సామాను ఇచ్చి వదిలేస్తే బడి రోజుల్లో పెద్ద ఫలితం రాలేదు. 2012-13లో హర్యానాలో మాత్రం ఆ పనికి రోజూ ఒక గంట కేటాయించి, పిలకాయల్ని స్థాయిని బట్టి విడగొట్టి, పక్కనుండి చూసుకునే మనుషుల్ని పెట్టారు. అక్కడ చదవడంలో తేడా కనపడింది. టీచర్లకు శిక్షణ రెండు చోట్లా అందింది. గంట, గుంపు, పక్కన మనిషి ఉన్న కాడ అది పని చేసింది.

మన నెల్లూరు చెప్పిన పాఠం

ఇది ఎక్కడో ఉత్తరాది సంగతి అనుకోబాకండి. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని పల్లెటూరి ప్రభుత్వ బడుల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఆ ఐదింట్లో మన నెల్లూరు ఒకటి. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు అందులో ఉన్నాయి.

అందులో ఒక భాగంలో కొన్ని బడుల పిలకాయలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏం వచ్చు, ఏం రాదు అని వివరంగా రాసి టీచర్లకు ఇచ్చారు. మధ్య మధ్యలో మనుషులు వచ్చి తరగతి గది చూసి పొయ్యేవాళ్ళు. ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష పెడితే, రిపోర్టులు అందిన బడికీ అందని బడికీ మార్కుల్లో తేడా లేదు. చూడటానికి మనిషి వచ్చినప్పుడు మాత్రం ఆ టీచర్లు బాగా పని చేస్తున్నట్టు కనపడ్డారు.

అది తెలిసినప్పుడు నాకు సిగ్గేసింది, ఎందుకంటే అది నేనే. ఎవరన్నా అధికారి వచ్చిన రోజు చార్టులన్నీ గోడకెక్కేవి. బోర్డు మీద తేదీ ముత్యాల్లా రాసేదాన్ని. వాళ్ళు పోయినాక మామూలే.

పిల్లోడికి ఏం రాదో కాగితం మీద తెలిస్తే చాలదు. రేపు పొద్దున పది గంటలకు వాడితో ఏం చెయ్యాలో టీచర్‌కి తెలియాలి. చేసినాక సరిగ్గా చేశానా లేదా అని చెప్పే తోటి మనిషి ఉండాలి. నెల్లూరు పాఠంలో నాకు అర్థమయింది ఇదే.

ఆ శనివారం

ఆగస్టులో ఒక క్లస్టర్ సమావేశంలో నన్ను తోటి టీచర్ల ముందు పాఠం చెప్పమన్నారు. ఆ హైస్కూల్లో చదివే పిలకాయల్ని కొందర్ని కూర్చోబెట్టారు. నేను ఒక వాక్యం చదివా, వాళ్ళంతా ఒక్క గొంతుతో దాన్నే పలికారు. బాగా జరిగిందనుకున్నా.

పక్క మండలం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇంకో రెండేళ్ళలో రిటైర్ అయ్యే మనిషి, మెల్లగా అడిగాడు. "అమ్మా, ఎనక వరసలో ఆ పాప పుస్తకం తలకిందులుగా పట్టుకోనుండాది. చూశావా?"

చూళ్ళేదు. అందరూ గట్టిగా పలుకుతుంటే ఆ పాప పెదాలు కూడా కదిలాయి. రెండేళ్ళుగా మా పిల్లోడు నా కళ్ళెదట చేసిందీ అదే. గుంపు గొంతులో వాడి గొంతు కలిసిపొయ్యేది. వినీ వినీ పాఠం మొత్తం నోటికొచ్చేసింది. చదవడం రాకపొయ్యినా ఎవరికీ తెలీలేదు. ఆ రోజు నుంచి గుంపుగా చదివించడం తగ్గించా. రోజుకు నలుగురు, ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు నా పక్కన కూర్చుని చదవాలి. వారం తిరిగేసరికి ఎక్కువమంది గొంతు విడిగా వింటా.

ఇంకో సంగతి మా కొత్త టీచరమ్మ వల్ల తెలిసింది. ఒక పాప "రాము సంతకు వెళ్ళాడు" అన్న వాక్యాన్ని "రాము సంతకు పొయ్యాడు" అని చదివింది. నేను తప్పు అన్నా. "అక్కా, ఆ పాప అర్థం చేసుకునే చదివింది గదా" అనింది టీచరమ్మ. నిజమే. ఇంట్లో అందరూ పొయ్యాడనే అంటారు. నేనూ ఇంటి కాడ అదే అంటా. ముందు అర్థమయినందుకు మెచ్చుకుని, తర్వాత ఆ "వె", "ళ్ళా" అక్షరాల మీద వేలు పెట్టించి చదివించాలి. మన యాసను తప్పు అంటే పిలకాయలు నోరు మూసుకుంటారు. నోరు మూసుకున్న పిల్లోడికి చదువు చెప్పడం చాలా కష్టం.

లెక్కల్లోనూ ఇట్టాంటిదే. భాగాహారం చెప్పడానికి పుస్తకంలో ఉన్న ఉదాహరణలు పక్కనబెట్టి, రొయ్యల కౌంటు తీసుకున్నా. కేజీ అంటే 1000 గ్రాములు. 100 కౌంటు అయితే ఒక్కో రొయ్య 10 గ్రాములు, 50 కౌంటు అయితే 20 గ్రాములు. మరి 40 కౌంటుకి ఎంత? ఎప్పుడూ నోరు విప్పని మా పిల్లోడు లేచి "25 మేడం" అన్నాడు. భాగించే అంకె చిన్నదయితే వచ్చేది పెద్దదవుద్దని వాడికి గుంట గట్టు మీదే తెలుసు. దాన్ని అంకెల్లో రాయడం నేర్పితే చాలు. ఈ పాఠం ఏ శిక్షణలోనూ నాకు ఎవరూ చెప్పలేదు. పిల్లోడికి వచ్చిన కాడ నుంచి మొదలుపెట్టు అన్న మాట నిజంగా చెవికెక్కినాక తట్టింది.

"అయ్యోర్లు ఎప్పుడూ మీటింగులకే పోతారు"

ఊళ్ళో ఈ మాట వింటా ఉంటాం. అందులో న్యాయం ఉంది. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు శిక్షణకు పోతే ఆ రోజు ఐదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. అట్టాంటి రోజు చదువు సాగదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడి ఏడాదికి కనీసం 200 రోజులు, 800 గంటలు నడవాలి. తుపాను సెలవులు పోను మిగిలిన రోజుల్లోంచి శిక్షణకూ కోస్తే మీకు కోపం రావడం సహజం.

అయితే ఏ మీటింగ్ అని కూడా అడగండి. వివరాలు యాప్‌లో ఎక్కించడానికి, ఫోటోలు పంపడానికి పొయ్యే గంట వేరు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్న పాపను చూపించే గంట వేరు. మొదటిది ఎంత తగ్గితే అంత మంచిది. రెండోది తగ్గితే నష్టపొయ్యేది మీ పిలకాయలే. జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప టీచర్లకు వేరే పనులు చెప్పకూడదని అదే చట్టం 27వ సెక్షన్‌లో ఉంది.

మా తప్పూ ఒకటి ఒప్పుకోవాలి. శిక్షణకు పొయ్యొచ్చి ఏం నేర్చుకున్నామో ఊరికి చెప్పం. చెప్పకపోతే మీకు ఎట్టా తెలుస్తుంది?

మీరేం చెయ్యొచ్చు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది చదువుతున్న మీలో చాలామంది ఇంటరో డిగ్రీనో చదివుంటారు. మీ నుంచి డబ్బులు, రంగులు, బెంచీలు అడగడం లేదు. మూడు పనులు చేస్తే చాలు.

మొదటిది, మీ ఇంట్లో మూడో తరగతి దాటిన పిల్లోడుంటే ఐదు నిమిషాలు కూర్చోబెట్టుకోండి. వాడి వాచకం వద్దు, అది నోటికొచ్చి ఉంటుంది. వాడు ఎప్పుడూ చూడని రెండో తరగతి స్థాయి కథ ఏదన్నా ఇవ్వండి. చదవలేకపోతే తిట్టబాకండి, కొట్టబాకండి. ఏ మెట్టు కాడ ఆగాడో చూసుకుని టీచర్‌కి చెప్పండి. ఇంగ్లీష్ మీడియం వ్యాను ఎక్కేవాడైతే ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రెండూ చూడండి.

రెండోది, ప్రతి బడికీ పిలకాయల తల్లిదండ్రులతో యాజమాన్య కమిటీ ఉంటుంది. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో వాటికి ఎన్నికలు జరిగాయి. చట్టం ప్రకారం సభ్యుల్లో ముప్పాతిక మంది తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడోళ్ళు. మీ అక్కో వదినో అందులో ఉంటే ఈ మూడు ప్రశ్నలు చెప్పి పంపండి. ఈ నెల సమావేశంలో మీరేం నేర్చుకున్నారు? దాన్ని మా పిలకాయల కాడ ఎప్పుడు చేస్తారు? మొన్నటికీ ఇప్పటికీ ఎవరు ఏ మెట్టెక్కారు? టీచర్‌ని కించపరచడానికి అడగబాకండి. అడిగే మనిషి ఉన్నాడని తెలిస్తే మాకు కూడా పని మీద మనసు నిలబడుద్ది.

మూడోది, గుంటల కాపలాకని కుటుంబంతో సహా మకాం మార్చే వాళ్ళు మన కాడ ఉండారు. ముఖ్యంగా యానాది కాలనీల నుంచి. ఆ పిలకాయలు వారాల తరబడి బడికి రారు, వచ్చినప్పుడు అందరికంటే ఎనకబడి ఉంటారు. ఎవరు ఏ గుంట కాడికి పొయ్యారో మాకంటే మీకు బాగా తెలుసు. ఒక ఫోన్ చేసి చెప్తే మేం వెతుక్కుంటా పోతాం.

చదువు ఊరిని ఎట్టా మారుస్తుందో నెల్లూరోళ్ళకి వేరే వాళ్ళు చెప్పక్కర్లేదు. తొంభైల మొదట్లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. మెట్ట ప్రాంతంలో దూబగుంట ఆడోళ్ళు రాత్రి బడిలో పాఠం చదువుకుని, దాని గురించి మాట్లాడుకుని, సారా అంగడిని ఊళ్ళోంచి తరిమారు. ఆ మాట ఊరూరా పాకి రాష్ట్రమంతా ఉద్యమం అయింది. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఆడోళ్ళు అక్షరాలు నేర్చుకోవడంతో ఆగలేదు. చదివినదాన్ని తమ బతుకుతో కలిపి మాట్లాడుకున్నారు. మా గంటలో మేం చెయ్యాలనుకునేది అదే.

ఇంక మా పిల్లోడి సంగతి. సంక్రాంతి సెలవులు అయినాక మళ్ళీ చదివించా. పేరా చదివాడు, నిదానంగా, వేలు పెట్టి. ఒత్తు వచ్చిన కాడల్లా ఆగాడు గానీ వదిలిపెట్టలేదు. కథ ఇంకా చదవలేడు. వాడితో పాటు ఇంకా ముగ్గురు అక్షరాల గుంపులోనే ఉండారు. వాళ్ళలో ఇద్దరు మొంథా సెలవుల్లో గుంటల మీదికి పొయ్యి డిసెంబర్ దాకా రాలేదు.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుద్ది, ఆ వెంటనే ఎండాకాలం సెలవులు. ఈలోపు ఇంకొకసారి అందర్నీ చదివించి చూస్తాం. ఆ రోజు ఏ శనివారమో ముందే ఊళ్ళో చెప్తాం. మీలో వీలున్నవాళ్ళు వచ్చి పక్కన కూర్చోండి. పిలకాయలు చదవడం వినండి. నేనేం నేర్చుకున్నానో కూడా అప్పుడు అడగండి.